పంచాంగం చూసి టికెట్టు తీయండి: సిక్కోలు నుంచి నీల్ ద్వీపానికి

కళింగపట్నంలోనో బారువలోనో స్నార్కెలింగ్‌కు, అంటే కళ్లకు మాస్కు, నోట్లో గొట్టం పెట్టుకుని నీటిపై తేలుతూ అడుగును చూడటానికి దిగితే, చాలా రోజులు కనిపించేది మట్టినీళ్లే. వంశధార, నాగావళి తెచ్చిపోసే ఒండ్రును ఒడ్డున విరిగే కెరటాలు తేరుకోనివ్వవు. విజయనగరం వైపు చింతపల్లి రాళ్ల దగ్గర కొన్నాళ్లు తేటగా ఉన్నా, ఒడ్డు నుంచి నడిచి దిగి చూసే పగడపు దిబ్బలు అక్కడా లేవు. వాటికోసం అండమాన్ వెళ్లాల్సిందే. జనం తక్కువుండే ఒడ్డు కావాలంటే అక్కడి హేవ్‌లాక్ ద్వీపం కంటే నీల్ నయం. 2018 నుంచి దాని పేరు షహీద్ ద్వీప్, కానీ అందరి నోటా నీలే.

చాలామంది చేసే తప్పు, చవగ్గా వచ్చిందని ఏదో ఒక తేదీకి టికెట్టు తీసేయడం. నీల్‌లో దిబ్బలు లోతులేని చోట ఉంటాయి. పాటు వేళ, అంటే సముద్రం వెనక్కి తగ్గినప్పుడు వెళితే భరత్‌పూర్ ఒడ్డున మోకాలి లోతు నీళ్లు, వాటిపైకి తేలిన పగడాలు తప్ప ఏమీ ఉండవు. మోకాళ్లు గీరుకుపోతాయి. పైగా దిగిపోయే నీరు ఇసుకను రేపుకుంటూ పోతుంది కాబట్టి చూపు ఆనదు. పోటు వేళ, అంటే సముద్రం పొంగినప్పుడు బయటి నుంచి తేటనీరు లోపలికి వస్తుంది. దిబ్బమీద ఈదడానికి చాలినంత లోతూ ఉంటుంది.

ఇక్కడే గోడమీది తెలుగు క్యాలెండరు అక్కరకొస్తుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో అక్కడ పోటు ఉదయం తొమ్మిదిన్నర, పది ప్రాంతంలో నిండుతుంది. ఆపైన రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అంటే త్రయోదశి నుంచి తదియ దాకా పోటు పొద్దున నుంచి మిట్టమధ్యాహ్నం లోపే వస్తుంది. ఎండ నిటారుగా పడుతుంది, గాలి ఇంకా లేవదు. అష్టమి దగ్గర పడితే అంతా తిరగబడుతుంది. ఉదయం పదికి పాటు, సాయంత్రం నాలుగింటికి పోటు. అక్కడ సూర్యుడు మన ఊరికంటే అరగంట పైనే ముందుంటాడు కాబట్టి చలికాలంలో ఐదున్నరకల్లా చీకటి. నీళ్లున్నా వెలుతురుండదు.

పౌర్ణమికి ఇంకో లాభముంది. పొద్దున పోటులో దిబ్బ చూసి, సాయంత్రం నాలుగింటి పాటులో లక్ష్మణ్‌పూర్ రెండో బీచ్‌లోని సహజ రాతి వంతెన కిందకి నడిచి వెళ్లొచ్చు. ఒక నష్టమూ ఉంది. ఆ రోజుల్లో పోటుపాటుల తేడా రెండు మీటర్ల దాకా పోతుంది, ప్రవాహం జోరుగా ఉంటుంది. అందుకే నిండు పోటుకు గంట ముందు దిగి, నిండిన గంటలోపు పైకి వచ్చేయాలి. క్యాలెండరుతో తేదీలు ఖాయం చేసుకున్నాక, గంటలు మాత్రం హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ) ఇచ్చే పోటు పట్టికలో చూసుకోండి. పెద్ద కెరటాల హెచ్చరికలూ వాళ్లే ఇస్తారు.

నెలల్లో ఫిబ్రవరి, మార్చి మేలు. జనవరిలో ఈశాన్య గాలి కొంత ఉంటుంది. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి, పడవలే రద్దవుతాయి.

ప్రయాణం సంగతి క్లుప్తంగా. ఆమదాలవలస నుంచి రైలు, విశాఖ నుంచి విమానం. విశాఖ నుంచి ఓడ కూడా ఉంది, కానీ నెలకు ఒకటీ అరా, పైగా రెండున్నర రోజుల ప్రయాణం. పోర్ట్ బ్లెయిర్‌లో (2024 నుంచి శ్రీ విజయపురం) ఫీనిక్స్ బే జెట్టీ నుంచి నీల్‌కు ప్రభుత్వ పడవలో సుమారు రెండు గంటలు. భారతీయులకు పర్మిట్ అక్కర్లేదు, ఆధార్ ఉంటే చాలు. తిరుగు విమానం ముందు రాత్రి మాత్రం పోర్ట్ బ్లెయిర్‌లోనే పడుకోండి. గాలి లేచి పడవ ఆగితే విమానం మీకోసం ఆగదు.

బస భరత్‌పూర్‌లో వద్దు. జెట్టీ పక్కనే కదా అని అడుగున అద్దముండే పడవలు, జెట్‌స్కీలు అన్నీ అక్కడే. లక్ష్మణ్‌పూర్ మొదటి బీచ్ వైపో, రామ్‌నగర్ వైపో గుడిసె తీసుకుని, సైకిలు అద్దెకు తీసుకోండి. ద్వీపం ఈ కొస నుంచి ఆ కొసకు నాలుగైదు కిలోమీటర్లే. సీతాపూర్‌లో సూర్యోదయం బాగుంటుంది గానీ తూర్పు గాలికి కెరటాలెక్కువ, స్నార్కెలింగ్‌కు పనికిరాదు. చేతిలో నగదు ఉంచుకోండి. తడి ఇసుకమీద పొద్దున, సాయంత్రం ఇసుక ఈగలు కుడతాయి. కాళ్లకు కొబ్బరినూనె దట్టంగా రాస్తే కొంత ఆగుతాయి, గోకితే మాత్రం పుండే.

ఆ నూనె ముఖానికీ తలకీ తగలకూడదు, మాస్కు జారుతుంది. మాస్కు సొంతానిది కొనుక్కోండి, అద్దెవి మీ ముఖానికి సరిపోతాయన్న నమ్మకం లేదు. కొనేటప్పుడు పట్టీ తగిలించకుండా ముఖానికి ఆనించి ముక్కుతో కొంచెం గాలి పీల్చండి. చేతులు వదిలేసినా ఐదారు సెకన్లు ఊడకపోతే అది మీది. మీసం ఉన్నవాళ్లకు ముక్కు కిందనుంచి నీళ్లు కారతాయి. మీసం పైఅంచున సన్నగా ఒక గీత గొరిగేసుకోవాలి, మనసొప్పకపోతే అక్కడ వాజలిన్ మెత్తాలి. ఆడవాళ్లకు ముంగురులు సిలికాన్ అంచు కింద ఇరుక్కుంటాయి, వెనక్కి లాగి జడ కట్టి పట్టీని జడకు పైన ఉంచాలి. కారుతోందని పట్టీ బిగిస్తూ పోకండి, అంచు వంకరపోయి ఇంకా కారుతుంది.

కొత్త అద్దంమీద ఫ్యాక్టరీ పొర ఉంటుంది, దానివల్లే ఆవిరి కమ్ముతుంది. జెల్ కాని తెల్ల టూత్‌పేస్టుతో లోపలివైపు వేలితో రెండుసార్లు రుద్ది కడగండి. దిగేముందు ఉమ్మి పూసి, ఒక్కసారి నీళ్లతో కడిగి పెట్టుకుంటే చాలు. ముఖమంతా కప్పే మాస్కుల జోలికి పోకండి, వదిలిన గాలే లోపల తిరిగి ఆయాసం వస్తుంది.

సాధన ఇంట్లోనే మొదలవుతుంది. బకెట్టు నిండా నీళ్లు పోసి, మాస్కు, గొట్టం పెట్టుకుని ముఖం ముంచి పది నిమిషాలు నోటితో నిదానంగా ఊపిరి తీయండి. గుండె దడదడలాడేది మొదటి రెండు నిమిషాలే. గొట్టంలోకి నీళ్లొస్తే "ఫూ" అని ఒక్క ఊపున ఊదాలి, మెల్లగా ఊదితే సగం నీళ్లు మిగిలిపోతాయి. ఈత రానివాళ్లు లైఫ్ జాకెట్ లేకుండా, గైడు లేకుండా దిగొద్దు. వచ్చినవాళ్లూ జంటగానే.

నీళ్లలో ముందు ప్రవాహానికి ఎదురు వెళ్లండి, అలిసిపోయాక అదే వెనక్కి తెస్తుంది. వీపు కాలిపోతున్నట్టు తెలియదు కాబట్టి పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. పగడంమీద నిలబడితే అది చస్తుంది, మీ పాదం తెగుతుంది. తెగితే మంచినీళ్లు, సబ్బుతో కడిగి ముక్కలు తీసేయాలి. ముళ్లచేప గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో అరగంటకు పైగా ఉంచి ఆసుపత్రికి పోవాలి. మడ అడవుల వాగుల దగ్గర ఉప్పునీటి మొసళ్లుంటాయి. బోర్డు ఉన్నచోట, మసకచీకట్లో దిగొద్దు.

చచ్చిన పగడం ముక్కయినా సంచిలో వేసుకోకండి. 1972 వన్యప్రాణి చట్టం కింద అది నేరం, విమానాశ్రయం స్కానర్లో దొరికిపోతారు.