చరిత్ర ఆధారాలను చదవడం – 4వ పాఠం: జనాభా లెక్కల వెనుక ఉన్న ప్రశ్న

ఫ్రాంజ్ జోసెఫ్ ఒక్కడే ఆస్ట్రియాకు చక్రవర్తిగా, హంగరీకి రాజుగా ఉన్నప్పటికీ, విదేశాంగం, యుద్ధం, వాటికయ్యే ఉమ్మడి ఖర్చు తప్ప దాదాపు మిగిలిన పాలనంతా వియన్నా, బుడాపెస్ట్ ప్రభుత్వాలు విడివిడిగానే నడుపుకున్నాయని ఆస్ట్రియా–హంగరీ ద్వంద్వ రాజ్యాన్ని ఏర్పరచిన 1867 నాటి రాజీ ఒప్పందాన్ని చదివినప్పుడు గమనించాం. జనాభా లెక్కలు సైతం విడివిడిగానే జరిగాయి. అందువల్ల 1910 నాటి భాషా గణాంకాలను చదివేటప్పుడు, అంకె కన్నా ముందు ఆ అంకెను రాబట్టిన ప్రశ్న ఏమిటో చూడాలి.

హంగరీలో అడిగింది మాతృభాషను. అయితే అది తల్లి భాషే కానక్కరలేదు. మనిషి తనదిగా భావించి, బాగా, ఇష్టంగా మాట్లాడే భాషను నమోదు చేశారు. ఆస్ట్రియాలో అడిగింది నిత్య వ్యవహారంలో వాడే భాషను, అదీ ఒక్కదానినే. నేటి చెక్ రిపబ్లిక్‌లోని బొహీమియా నుంచి వియన్నాకు వలస వచ్చి, జర్మన్ యజమాని దగ్గర పనిచేస్తూ, ఇంట్లో చెక్ మాట్లాడే కార్మికుడు ఈ ప్రశ్న వల్ల సులభంగా జర్మన్ల లెక్కలో చేరిపోయేవాడు. ఇది చిన్న విషయం కాదు, ఎందుకంటే బడులు, కార్యాలయాలు ఏ భాషలో నడవాలన్న వివాదాల్లో ఈ అంకెలనే సాక్ష్యంగా చూపేవారు.

ఎవరు లెక్కించారన్నదీ అంతే ముఖ్యం. అప్పట్లో ఆస్ట్రియా రేవు పట్టణమైన ట్రియెస్ట్‌లో లెక్కింపు ఇటాలియన్ల ఆధిపత్యంలోని పురపాలక సంఘం చేతిలో ఉండగా, స్లొవీన్ల ఫిర్యాదులపై ప్రభుత్వం ఫలితాలను సవరించింది. సవరణ తర్వాత స్లొవీన్ల సంఖ్య దాదాపు 20 వేలు పెరిగి, సుమారు 57 వేలకు చేరింది. ఊరు అదే, సంవత్సరం అదే. మారినది లెక్కించిన చేయి మాత్రమే.

హద్దును కూడా సరిచూసుకోండి. హంగరీలో మజ్యార్లు, అంటే హంగేరియన్ మాతృభాషగా ఉన్నవారు, 54 శాతానికి పైగా ఉన్నారన్న మాట హంగరీ రాజ్యంలో భాగమైన క్రొయేషియా–స్లవోనియాను మినహాయిస్తేనే నిజం. కలిపితే వారు సుమారు 48 శాతమే, అంటే సగానికి తక్కువ.

అభ్యాసం: ఆస్ట్రియా పాలనలోని గలీషియా ప్రాంతపు రాజధాని లెంబెర్గ్‌లో, అంటే నేటి ఉక్రెయిన్‌లోని ల్వివ్‌లో, 1910లో పోలిష్ వ్యవహర్తలు సుమారు 86 శాతం. మతాల పట్టికలో మాత్రం రోమన్ కాథలిక్కులు సుమారు 51, గ్రీకు కాథలిక్కులు (తూర్పు క్రైస్తవ ఆచారాన్ని పాటించే కాథలిక్కులు, ఇక్కడ ఎక్కువగా ఉక్రేనియన్లు) 19, యూదులు 28 శాతం. ఆస్ట్రియా ఆమోదించిన భాషల జాబితాలో యూదులలో చాలామంది మాట్లాడే యిడ్డిష్ లేదన్న విషయాన్ని దృష్టిలో ఉంచుకొని, రెండు పట్టికలనూ పక్కపక్కన రాసి, ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో మీ మాటల్లో వివరించండి. దీని జవాబుతోనే 5వ పాఠం మొదలవుతుంది.