పెంక కొట్టం కట్టేటప్పుడు గుంజ మట్టిని తాకొద్దు

చేవెళ్ల, షాద్‌నగర్ వైపు పాత ఎడ్ల కొట్టాల్లో కప్పును మోసేది గోడ కాదు, గుంజలు, అంటే నిలువు కొయ్య స్తంభాలు. వానకు మట్టిగోడ కరిగి కూలినా పైకప్పు నిలిచేది అందుకే. గడ్డి కప్పులూ కుమ్మరి చేసే గూన పెంకలూ ఉన్న కాలంలోనూ పద్ధతి ఇదే. 1865లో మంగళూరులో బాసెల్ మిషన్ పెంకుల ఫ్యాక్టరీ మొదలయ్యాక అచ్చు పెంక దక్షిణాదంతా పాకింది. మనవైపు దాన్నే బెంగుళూరు పెంక అంటారు.

నాలుగు పశువులకు 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు సరిపోతుంది. ఒక్కో పశువుకు 4 అడుగులు, మిగిలిన 4 మేతకు. వెడల్పులో గాడికి (మేత తొట్టికి) 2½, పశువు నిలబడే చోటుకు 5½, ఉచ్చ కాలువకు 1, మనిషి నడవడానికి 3. పొడవును తూర్పు పడమరలుగా పెట్టి, పడమటి పక్క గోడ మూసేయాలి. జల్లు, పొద్దుగూకే ఎండ రెండూ అటునుంచే వస్తాయి.

కొప్పు, అంటే రెండు వాలులు పైన కలిసే చోటు, కింద నేల నుంచి నడిమి గుంజ లేపితే సరిగ్గా పశువు నిలబడే చోట పడుతుంది. కాబట్టి ఎనిమిది గుంజలు, నాలుగు జతలుగా, జతకూ జతకూ 6 అడుగుల 8 అంగుళాల దూరంలో. ప్రతి జత మీద అడ్డదూలం, దాని నడుమ పొట్టి గుంజ, ఆపైన వెన్నుదూలం. గుంజలు 6×6 అంగుళాలు, అడ్డదూలాలు 6×8 (8 నిలువుగా), వెన్నుదూలం, చూరుదూలాలు 4×6. వాసాలు 2×4, రెండడుగులకొకటి, మొత్తం 24. చూరుదూలం కంటే కొప్పు మూడున్నర అడుగులు ఎత్తుంటే వాలు 30 డిగ్రీలు వస్తుంది. వాలు తగ్గిస్తే ఎదురుగాలికి నీళ్లు పెంక సందుల్లోంచి లోపలికి ఎక్కుతాయి.

కలప టేకు, నల్లమద్ది, వేప. కోసిన మొహం మీద చేవ (నడిమి గట్టి చెక్క) ఎంత, తెల్లచెక్క (బెరడు పక్కది) ఎంతో చూడాలి. తెల్లచెక్క చెదలకు తిండి. పాత ఇళ్లు కూల్చిన టేకు దొరికితే అంతకంటే మంచిది లేదు, అది ఎప్పుడో ఎండిపోయి ఉంటుంది. సొంత చెట్టు కొట్టాలంటే ముందు 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి తీసుకోవాలి.

కొట్టం చచ్చేది గుంజ అడుగునే. పాతిన గుంజ నేల మట్టం దగ్గర తడిసి ఆరి, ఆరి తడిసి కుళ్లుతుంది. రెండడుగుల చదరం గుంత తీసి, రాళ్లతో కట్టి, నేలపైకి అడుగున్నర లేచేలా నల్లరాతి దిమ్మె నిలపాలి. నల్లరేగడైతే మొరం తగిలేదాకా తవ్వాల్సిందే, తీసిన రేగడిని తిరిగి గుంతలో పోయొద్దు. అది వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుని దిమ్మెను కదుపుతుంది. దిమ్మెలో ఇనుప మొల నాటి, గుంజకు కింద బెజ్జం చేసి దాని మీద దించాలి. మధ్యలో ఒక రేకు పెట్టి, అంచు అంగుళం బయటికి తీసి కిందికి వంచాలి. చెదలు దాన్ని చుట్టి రావాల్సిందే, వాటి మట్టిదారి కంటపడుతుంది.

గుంజ తల మీద, దూలం బెజ్జంలో దూరేలా చెక్కిన కుసి 2 అంగుళాల మందం, 4 అంగుళాల పొడవు. దూలంలో బెజ్జం నాలుగుంపావు లోతు తొలచాలి. కుసి కొన బెజ్జం అడుగును తాకితే బరువంతా దానిమీదే పడి దూలం చీలుతుంది, మోయాల్సింది గుంజ భుజాలు. కుసిలో చీల (కొయ్య మేకు) రంధ్రం దూలంలోని రంధ్రానికి ఎదురుగా కాకుండా భుజం వైపు ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, జరగాలి. ఎండిన తుమ్మ చీల దిగ్గొడితే జాయింటు తనంతట బిగుసుకుంటుంది. ఇనుప మేకులు ఉచ్చ ఆవిరికి తుప్పు పట్టి వదులవుతాయి. గుంజకూ దూలానికీ మధ్య ఏటవాలు కొయ్యలు రెండు దిక్కులా వేయకపోతే చట్రం మొత్తం ఒకవైపు ఒరుగుతుంది.

పెంకలు చదరపు మీటరుకు 15. అన్ని పక్కలా చూరు కలుపుకుని, పగిలేవి పోగా 600 తెప్పించాలి, దాదాపు ఒకటిన్నర టన్ను బరువు. చూరు నుంచి పైకి, రెండు వాలుల మీదా వరసకు వరస సమానంగా పేర్చాలి. పెంకలు ఆనే అడ్డపట్టీల (రీపర్ల) దూరం పన్నెండున్నర అంగుళాల దాకా వస్తుంది, అయినా తెచ్చిన పెంకలను పేర్చి కొలిచాకే కొట్టాలి. చూరు వరసల్ని తీగతో కట్టాలి, ఏప్రిల్, మే ఈదురుగాలి ముందు లేపేవి అవే.

నేలకు షాబాదు బండలు వద్దు, తడిస్తే డెక్క జారుతుంది. గరుకు రాతి పలకలు పరచి, కాలువ వైపు 40కి 1 వాలు ఇవ్వాలి. కలప మరికొంత ఎండి చీలలు వదులవుతాయి కాబట్టి మొదటి వానాకాలం దాటగానే వాటిని మళ్లీ ఒకసారి దిగ్గొట్టాలి.