పాత విండోస్ కొత్త మదర్‌బోర్డు మీద లేవకపోతే

కర్నూలులో కొండారెడ్డి బురుజు దగ్గర పెళ్లికార్డులు చేసే ఒక డీటీపీ షాపు. మొన్న అక్కడ మదర్‌బోర్డు పోయింది. కొత్త సిస్టమ్ తెచ్చి పాత ఎస్‌ఎస్‌డీ దానికి తగిలిస్తే విండోస్ లేవలేదు. "ఫార్మాట్ కొట్టేద్దామా అబ్బీ?" అని షాపు అన్న ఫోన్ చేశాడు. "వద్దన్నా, దాన్ని ముట్టుకోవద్దు, వస్తున్నా" అన్నాను. ఆ డిస్కులో పాత తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేర్ ఉంది, దాని సీడీ ఎప్పుడో గీతలు పడి పోయింది. ఫార్మాట్ చేస్తే పాత కార్డుల ఫైళ్లు తెరుచుకున్నా తెలుగుకు బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. అందుకే ఇంకో డిస్కులోకి మొత్తం ఇమేజ్, అంటే డిస్కుకు అచ్చు నకలు, తీసి పెట్టుకున్నాకే పని మొదలుపెట్టాను. మీరూ అలాగే చేయండి.

నల్ల స్క్రీన్ మీద "బూట్ డివైస్ లేదు" అని వస్తే

బయోస్‌లో, అంటే మదర్‌బోర్డు సొంత సెట్టింగ్స్‌లో, డిస్కు పేరు కనిపించకపోతే ముందు కేబుల్ చూడండి. పేరు ఉండి కూడా బూట్ కాకపోతే, పాత విండోస్‌ను లెగసీ అనే పాత బూట్ పద్ధతిలో, ఎంబీఆర్ అనే పాత రకం పార్టిషన్ పట్టిక ఉన్న డిస్కు మీద ఎక్కించి ఉంటారు. కొత్త బోర్డులు వాటి కొత్త రకాలైన యూఈఎఫ్ఐ బూట్, జీపీటీ పట్టిక అడుగుతాయి. బయోస్‌లో పాత పద్ధతిని కూడా నడిపించే సీఎస్‌ఎం ఉంటే ఆన్ చేస్తే చాలు. అది లేకపోతే, మీది 64 బిట్ విండోస్ 10 అయితే, ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి షిఫ్ట్, ఎఫ్10 నొక్కి ఎంబీఆర్‌ను జీపీటీగా మార్చే ఎంబీఆర్2జీపీటీ కమాండ్ వాడండి. ముందు వ్యాలిడేట్, అది సరేనంటేనే కన్వర్ట్. ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి. ప్రైమరీ పార్టిషన్లు 3 కంటే ఎక్కువుంటే మాత్రం ఒప్పుకోదు.

నీలి స్క్రీన్, "ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్"

షాపులో అసలు టెన్షన్ పెట్టింది ఇదే. లోగో కింద చుక్కలు నాలుగు చుట్లు తిరుగుతాయి, నీలి స్క్రీన్ వస్తుంది, రీస్టార్ట్ అవుతుంది, మళ్లీ అదే. చూసినవాళ్లు డిస్కు పోయిందనుకుంటారు. చాలాసార్లు డిస్కు బాగానే ఉంటుంది. మొదట్లో బయోస్ సాయంతో డిస్కును చదువుకుంటూ వచ్చిన విండోస్, ఒక దశ నుంచి తన సొంత డ్రైవర్‌తో చదవాలి. బోర్డు డిస్కుతో మాట్లాడే పద్ధతులు కొన్ని ఉంటాయి: పాత బోర్డు ఏహెచ్‌సీఐలో ఉండి, కొత్తది రెయిడ్ లేదా వీఎండీ మోడ్‌లో ఉంటే ఆ డ్రైవర్ పనికిరాదు.

బయోస్‌లో వీఎండీ ఆఫ్ చేసి ఏహెచ్‌సీఐ పెట్టండి. తర్వాత రిపేర్ స్క్రీన్ వస్తే ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, రీస్టార్ట్ కొట్టాక 4 నొక్కి, ఒక్కసారి సేఫ్ మోడ్‌లో తెరవండి. కొత్త కంట్రోలర్‌కు సరిపడే డ్రైవర్‌ను విండోస్ అప్పుడు పట్టుకుంటుంది. షాపులో సేఫ్ మోడ్ డెస్క్‌టాప్ రాగానే మామూలుగా రీస్టార్ట్ చేశాం, తిన్నగా లేచింది. అన్న మొట్టమొదట తెరిచింది ఆ వారం ఇవ్వాల్సిన శుభలేఖ. అక్షరం చెదరలేదు.

బిట్‌లాకర్ 48 అంకెల కీ అడిగితే

బిట్‌లాకర్ అంటే డిస్కుకు విండోస్ వేసే తాళం, అది పాత బోర్డులోని టీపీఎం అనే సెక్యూరిటీ చిప్‌తో ముడిపడి ఉంటుంది. కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉందేమో చూడండి. పాత సిస్టమ్ ఇంకా పనిచేస్తుంటే, డిస్కు తీయకముందే బిట్‌లాకర్ సస్పెండ్ చేయండి.

నెట్ రాకపోతే

ల్యాన్ డ్రైవర్ లేదు, అంతే. ఫోన్‌ను యూఎస్‌బీ టెథరింగ్‌లో పెట్టి దించుకోండి.

యాక్టివేషన్ పోతే

విడిగా కొన్న రిటైల్ లైసెన్స్ అయితే కొత్త సిస్టమ్‌కు మార్చుకోవచ్చు. సిస్టమ్‌తో పాటే వచ్చిన ఓఈఎం లైసెన్స్ పాత బోర్డుతోనే పోతుంది. షాపుది రెండోది, కొత్త కీ కొనక తప్పలేదు. సెట్టింగ్స్‌లో కీ మార్చినంత మాత్రాన ఫైళ్లకు, ఫాంట్లకు ఏమీ కాదు.