రీఫ్ ట్యాంకులో (పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియంలో) నాచు పని పట్టే ముందు జాగ్రత్తలు

☐ ముందు నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ కొలవండి. నాచు గుబురుగా ఉండి టెస్ట్ కిట్ సున్నా చూపిస్తే సంబరపడకండి, నీళ్లలోకి వచ్చిందంతా నాచే తినేస్తుండొచ్చు.

☐ సున్నా మన లక్ష్యం కాదు. లీటరుకు నైట్రేట్ 2–10 మిల్లీగ్రాములు, ఫాస్ఫేట్ 0.03–0.1 ఉంటే చాలా ట్యాంకులకు సరిపోతుంది. రెండూ అడుగంటితే పగడాలు పాలిపోతాయి, డైనోఫ్లాజెల్లేట్లు (జిగురుగా పరుచుకునే సూక్ష్మజీవులు) పట్టుకుంటాయి. ఆ గోధుమరంగు జిగురు కంటే పచ్చ నాచే నయం!

☐ ఫాస్ఫేట్ పీల్చే ఐరన్ ఆక్సైడ్ గుళికలు (జీఎఫ్‌ఓ) వేస్తుంటే ప్యాకెట్ మీది మోతాదులో సగంతో మొదలుపెట్టండి.

☐ వోడ్కా, వెనిగర్ డోసింగ్ (నైట్రేట్, ఫాస్ఫేట్ తినే బ్యాక్టీరియాకు మేతగా వాటిని కొద్దికొద్దిగా పోయడం) అయితే మంచి స్కిమ్మర్ (నురగతో మురికి తీసే పరికరం) ఉండాల్సిందే. బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరిగితే ఆక్సిజన్ పడిపోతుంది. కరెంటు పోయే ఊళ్లో బ్యాటరీ ఎయిర్ పంపు దగ్గర పెట్టుకోండి.

☐ రాళ్లు రుద్దాలా? జోయాంథిడ్లు (గుండీల్లా గుంపుగా పెరిగే, పగడాల బంధువులైన మెత్తటి జీవులు) ఉంటే గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. వాటిలో కొన్నింటిలో పాలిటాక్సిన్ అనే ప్రాణాంతక విషం ఉంటుంది. చేతికి కోత ఉంటే ఆ రోజు పని మానేయండి. అలాంటి రాయిని మాత్రం ఎప్పుడూ ఉడకబెట్టొద్దు; ఆ ఆవిరి పీల్చి ఆసుపత్రి పాలైనవాళ్లు ఉన్నారు.

☐ మార్చే నీళ్లు ఆర్‌ఓ డీఐవే (ఫిల్టర్లతో లవణాలు తీసేసినవే), ఉప్పు కలపకముందు టీడీఎస్ (కరిగిన పదార్థాల కొలత) సున్నా. బోరు నీళ్లు వద్దు. తర్వాత కలిపే ఉప్పు 35 పీపీటీ (కిలో నీళ్లకు 35 గ్రాములు).

☐ నీళ్లు తీసే ముందు హీటర్ ఆపారా?