పాత స్పోర్ట్స్ కారులో ఆయిల్ ప్రెషర్ తగ్గుతోందా? ఇంజన్ దింపే ముందు ఇవి చూడండి

ఆయిల్ ప్రెషర్ ముల్లు కిందికి జారగానే చాలామందికి తోచేవి రెండే. ఒకటి చిక్కటి ఆయిల్ పోసేయడం, రెండోది ఇంజన్ దింపేయడం. మొదటిది రోగాన్ని కప్పిపెడుతుంది. రెండోది చాలాసార్లు అవసరమే పడదు. ఈ రెండింటి మధ్యలో చూసుకోవాల్సినవి బోలెడున్నాయి, వాటిలో సగానికి పెద్దగా ఖర్చు కూడా ఉండదు.

ముందుగా ఒక మాట. నడుస్తుండగా ఎర్ర లైటు వెలిగినా, ముల్లు ఒక్కసారిగా సున్నాకు పడినా ఇంజన్ వెంటనే ఆపేయండి. ఇంటిదాకా ఎలాగోలా పోదామనుకోవద్దు. ఆ లైటు స్విచ్ చాలా కార్లలో 4 నుంచి 7 పీఎస్‌ఐ (ప్రెషర్ కొలిచే యూనిట్) దగ్గర పనిచేస్తుంది. అంటే అది వెలిగేసరికే బేరింగులకు అందే ఆయిల్ దాదాపు అడుగంటిందన్నమాట.

అసలు ఎంత ఉండాలి?

వేడెక్కిన ఇంజన్‌కు ప్రతి 1000 ఆర్‌పీఎమ్‌కు 10 పీఎస్‌ఐ ఉండాలని మెకానిక్కులు చెప్పే లెక్క మోటుదే అయినా పనికొస్తుంది. అయితే అంతిమంగా నమ్మాల్సింది మీ ఇంజన్ మాన్యువల్నే. పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎమ్‌జీబీలో వచ్చే 1.8 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజన్‌కు నడుస్తున్నప్పుడు 50 నుంచి 80, ఐడ్లింగ్‌లో 10 నుంచి 25 పీఎస్‌ఐ ఉండాలి. అదే బాడీలో 1973-76 మధ్య వచ్చిన 3.5 లీటర్ల వీ8కు 2400 ఆర్‌పీఎమ్ దగ్గర 30 నుంచి 40 ఉంటే చాలు. చిన్న ఇంజన్‌కు అలవాటుపడి వీ8కు మారినవాళ్లు ఈ తేడా తెలియక లేని జబ్బుకు వైద్యం మొదలుపెడతారు.

రీడింగ్ ఎప్పుడూ వేడిమీదే తీసుకోవాలి. నీళ్ల టెంపరేచర్ ముల్లు మధ్యకు వచ్చినంత మాత్రాన ఆయిల్ వేడెక్కినట్టు కాదు, దానికి ఇంకా టైము పడుతుంది. ఓ ఇరవై నిమిషాలు రోడ్డు మీద తిప్పాక ఐడ్లింగ్‌లో ఎంత, 2000లో ఎంత, 3000లో ఎంత అని రాసుకోండి. కారణం ఎక్కడుందో చెప్పేది ఈ మూడు అంకెల మధ్య తేడాయే.

ముల్లు సున్నాలో ఉంది, ఇంజన్ మాత్రం చప్పుడు లేకుండా నడుస్తోంది

ఇక్కడ మొదట అనుమానించాల్సింది గేజ్‌ను, ఇంజన్ మీద ఉండి దానికి ప్రెషర్ సంగతి చేరవేసే సెండర్‌ను. నిజంగా ప్రెషర్ లేకపోతే టాపెట్లు (వాల్వులను కదిలించే భాగాలు) కాసేపట్లోనే కటకటలాడతాయి. ఎలక్ట్రిక్ గేజ్ అయితే స్విచ్ ఆన్ చేసి సెండర్ వైరు పీకండి, తర్వాత దాన్ని ఒక్క క్షణం ఇంజన్ బ్లాకుకు తాకించండి. ముల్లు ఒకసారి ఈ చివరికి, మరోసారి ఆ చివరికి పోతే గేజ్, వైరు రెండూ బాగున్నట్టే. ఇక మిగిలింది సెండర్. చాలా సెండర్లకు ఎర్త్ అందేది వాటి మర చుట్ల ద్వారానే. వాటికి టెఫ్లాన్ టేపు దట్టంగా చుట్టేసి, ఎర్త్ తెగ్గొట్టుకుని, కొత్త సెండర్ కూడా పోయిందని తిట్టుకునేవాళ్లు తక్కువేం కాదు.

ఏదేమైనా సెండర్ విప్పి ఆ రంధ్రంలో మెకానికల్ గేజ్ బిగించి చూడకుండా ఏ నిర్ణయానికీ రావద్దు. అడాప్టర్ విషయంలో మాత్రం జాగ్రత్త. అమెరికన్ కొలత అయిన 1/8 ఎన్‌పీటీ మరకు అంగుళానికి 27 చుట్లు, బ్రిటిష్ కొలత అయిన 1/8 బీఎస్‌పీకి 28. రెండూ కంటికి ఒకేలా ఉంటాయి. ఒకదాన్ని ఇంకోదానిలో పెడితే మొదటి చుట్లు హాయిగా తిరిగి ఆ తర్వాత పట్టేస్తుంది. అక్కడ స్పానర్ మీద బలం చూపిస్తే లీకో, బ్లాకులో పగులో ఖాయం.

ముల్లు అసలు కదలకపోయినా అనుమానించాలి. మజ్దా ఎమ్‌ఎక్స్-5లో మొదటి ఏళ్ల గేజ్ ప్రెషర్‌ను నిజంగానే కొలిచేది. 1995 మోడల్ నుంచి అది పేరుకే గేజ్. కాస్త ప్రెషర్ ఉంటే చాలు, ముల్లు మధ్యలోకి వచ్చి కూర్చుంటుంది. అది నిలకడగా ఉందని సంతోషించడానికేమీ లేదు.

చల్లగా ఉంటే బాగుంది, వేడెక్కాక ఐడ్లింగ్‌లో పడిపోతోంది

ఎక్కువమందికి ఎదురయ్యేది ఇదే. కారణాలు కూడా ఎక్కువే. చవకైన వాటి నుంచి మొదలుపెడదాం.

డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోల్ వాసన కొడుతున్నా, పోయకుండానే ఆయిల్ లెవెల్ పెరుగుతున్నా ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్‌లోకి పెట్రోల్ దిగుతున్నట్టే. కార్బొరేటర్‌లో ఫ్లోట్ నీడిల్ సరిగా మూసుకోకపోవడం, చోక్ ఇరుక్కుపోవడం, ఇంజన్ మీద ఉండే మెకానికల్ పెట్రోల్ పంపులో డయాఫ్రమ్ చిరగడం దీనికి కారణాలు. అది సరిచేశాకే ఆయిల్, ఫిల్టర్ మార్చాలి. ముందే మారిస్తే కొత్త ఆయిల్ కూడా పలచబడుతుంది. 20డబ్ల్యూ-50 కోసం తయారైన ఇంజన్‌లో, ఖరీదైనది కదా అని అంతకన్నా పలచటి 5డబ్ల్యూ-30 పోసినా ఇదే లక్షణం కనిపిస్తుంది. అక్కడ సరైన గ్రేడ్ పోయడమే మందు.

తర్వాత, ప్రెషర్ హద్దు దాటితే ఆయిల్‌ను వెనక్కి వదిలే రిలీఫ్ వాల్వ్. ఎమ్‌జీబీలో ఇది బ్లాకుకు ఎడమవైపు, వెనక భాగంలో గుండ్రటి తల ఉన్న పెద్ద నట్టు కింద ఉంటుంది. నట్టు విప్పితే వాషర్లు, పొడుగాటి స్ప్రింగ్, దాని వెనక గిన్నె ఆకారంలో ప్లంజర్ వస్తాయి. ప్లంజర్‌ను గుడ్డతో తుడిచి అంచును వెలుతురులో తిప్పి చూడండి. సీటుకు ఆనుకునే చోట చుట్టూ ఒకే వెడల్పు మెరుపు గీత ఉండాలి. గీత ఒకవైపే ఉన్నా, మధ్యలో తెగినా అది సరిగా కూర్చోవడం లేదు, ఆయిల్ అటునుంచే చాంబర్‌లోకి జారిపోతోంది. ఒక్కోసారి చిన్న లోహపు నలుసో, గట్టిపడిన మసి ముక్కో అడ్డం పడి ఉంటుంది. శుభ్రం చేసి, గీతలు పడితే ప్లంజర్ మార్చి, స్ప్రింగ్ పొడవును కొత్తదాని పక్కన పెట్టి చూసి బిగించండి.

ఇక్కడే ఒక చిట్కా వైద్యం నడుస్తుంటుంది, స్ప్రింగ్ వెనక అదనంగా వాషర్లు వేయడం. నాకు అది అస్సలు నచ్చదు. రిలీఫ్ వాల్వ్ తెరుచుకునేది ప్రెషర్ పై హద్దు దాటినప్పుడే. ఐడ్లింగ్‌లో అది మూసుకునే ఉంటుంది. కాబట్టి వాషర్లు వేస్తే హైవే మీద అంకె పెరుగుతుందేమో గానీ, మీ అసలు సమస్య అలాగే ఉంటుంది.

వాల్వ్ బాగుంటే అప్పుడు బేరింగుల మీద అనుమానం. పంపు చేసేది ఆయిల్‌ను నెట్టడం వరకే. ప్రెషర్ పుట్టేది ఆ ఆయిల్ ఇరుకు సందుల్లోంచి దూరాల్సి రావడం వల్ల. బేరింగ్ సందు రెట్టింపైతే అక్కడినుంచి కారిపోయే ఆయిల్ రెట్టింపు కాదు, దాదాపు ఎనిమిది రెట్లు. అందుకే కంటికి ఆనని అరుగుదల కూడా ముల్లును కింద కూర్చోబెడుతుంది.

చాంబర్ విప్పే ముందు పాత ఫిల్టర్ కోసి చూడండి. లోపలి కాగితం మడతలు విప్పి, పిండి, ఎండలో పట్టుకుంటే మెరిసే పొడి కనిపిస్తుంది. అయస్కాంతానికి అంటని వెండి రంగు తళుకు సాధారణంగా బేరింగ్ పైపూత. రాగి రంగు కనిపించిందంటే పూత అరిగి కింది పొరదాకా వచ్చేసింది, ఇక ఆ బండి నడపకండి. అయస్కాంతానికి అంటుకుంటే ఇనుము. క్యామ్, టాపెట్లు, పంపు వైపు చూడాలి.

బేరింగ్ సందు కొలవడానికి ప్లాస్టిగేజ్ అనే సన్నటి మైనం దారం దొరుకుతుంది. జర్నల్ (క్రాంక్ మీద బేరింగ్ కూర్చునే గుండ్రటి భాగం) మీద ఆయిల్ తుడిచి, చిన్న ముక్క పెట్టి, క్యాప్‌ను సరైన టార్క్‌తో బిగించి, క్రాంక్ తిప్పకుండా మళ్లీ విప్పాలి. అణిగిన దారం వెడల్పును దాంతో వచ్చే కాగితం స్కేలుతో పోల్చాలి. మాన్యువల్ చేతిలో లేకపోతే జర్నల్ వ్యాసం అంగుళానికి 0.001 అంగుళం సందు అని లెక్క. రెండంగుళాల జర్నల్‌కు 0.002 ఉంటే బాగున్నట్టు. జర్నల్ నున్నగా, గుండ్రంగా ఉంటే కొత్త షెల్స్ (బేరింగ్ రేకులు) వేస్తే పని అయిపోతుంది. గోటికి గీతలు తగులుతుంటే క్రాంక్‌ను గ్రైండింగ్‌కు ఇచ్చి అండర్‌సైజు షెల్స్ వేయాల్సిందే. గీతలు పడ్డ జర్నల్ మీద కొత్త షెల్స్ వేయడమంటే అదే పని మళ్లీ చేయడానికి సిద్ధపడటమే.

మలుపుల్లో, బ్రేక్ వేసినప్పుడు ముల్లు ఊగుతోంది

ముందు ఆయిల్ లెవెల్ చూడండి. సరిగ్గా ఉంటే ఆయిల్ ఒక పక్కకు పోయి పంపుకు ఆయిల్ అందించే పికప్ గొట్టం గాలి పీలుస్తోందని అర్థం. చాంబర్‌లో ఆయిల్ పక్కకు పోకుండా ఆపే బ్యాఫిల్ రేకులు విరిగాయా, పికప్ గొట్టం అతుకు దగ్గర పగిలిందా, దాని ప్యాకింగ్ పోయిందా అని వెతకాలి. పోర్షే 944లో పొడుగాటి మలుపుల్లో గట్టిగా తోలితే రెండో నంబర్ కనెక్టింగ్ రాడ్ బేరింగ్ ఆయిల్ అందక పోతుందని ఆ కారు తెలిసినవాళ్లందరికీ తెలుసు. ట్రాక్ మీదకు తీసుకెళ్లేవాళ్లు బ్యాఫిల్ సంగతి ముందే చూసుకోవడం మంచిది. ఇక లెవెల్ మ్యాక్స్ గీత దాటించడం మందు కాదు. క్రాంక్ ఆ ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది, నురగ ప్రెషర్ నిలపలేదు.

ఐడ్లింగ్‌లో ఫర్వాలేదు, రేజ్ చేస్తే పెరగట్లేదు

రిలీఫ్ వాల్వ్ కొంచెం తెరుచుకుని ఇరుక్కుపోయి ఉండొచ్చు, లేదా చాంబర్ లోపలి జాలీ మూసుకుపోయి ఉండొచ్చు. జాలీలో మడ్డి కన్నా ఎక్కువగా దొరికేది ప్యాకింగ్‌కు బదులు ధారాళంగా పూసిన సిలికాన్ ముక్కలే.

స్టార్ట్ చేయగానే కాసేపు కటకట, తర్వాత సర్దుకుంటోంది

బండి ఆగి ఉన్నప్పుడు ఫిల్టర్‌లోని ఆయిల్ వెనక్కి కారిపోతోంది. వెనక్కి పోనివ్వని వాల్వ్ ఉన్న మంచి ఫిల్టర్ వేయండి. అయినా పోకపోతే పంపు విప్పి, రోటర్లకూ మూతకూ మధ్య సందును ఫీలర్ గేజ్‌తో కొలవాలి.

ప్రెషర్ మరీ ఎక్కువ

చల్లటి ఇంజన్‌లో మామూలే. వేడిలోనూ దిగకపోతే రిలీఫ్ వాల్వ్ మూసుకుని పట్టేసింది. వదిలేస్తే ఫిల్టర్ అంచు ఉబ్బి పగులుతుంది.

ఇంజన్ కొత్తగా కట్టాక ప్రెషర్ అసలు రావట్లేదు

పంపు పొడిగా ఉండి ఆయిల్ లాగలేకపోతోంది. ఎమ్‌జీబీ వీ8లో ఉన్న రోవర్ ఇంజన్‌కు ఇది బాగా తెలిసిన గుణం. పంపు మూత విప్పి గేర్ల చుట్టూ పెట్రోలియం జెల్లీ నిండా కూరి బిగించాలి. గ్రీజు వద్దు, అది ఆయిల్‌లో సరిగా కరగక దారులు మూసేస్తుంది. తర్వాత స్పార్క్ ప్లగ్గులు తీసేసి, ఇగ్నిషన్ ఆపి, సెల్ఫ్ కొంచెం కొంచెంగా కొట్టండి, మధ్యలో మోటారు చల్లబడనివ్వండి. ముల్లు లేచాకే ప్లగ్గులు బిగించి స్టార్ట్ చేయాలి. లేవకపోతే స్టార్ట్ చేసి చూద్దామనుకోకుండా, బ్లాకు కడిగినప్పుడు తీసిన ఆయిల్ గ్యాలరీ (బ్లాకులోని ఆయిల్ దారుల) ప్లగ్గులన్నీ తిరిగి బిగించారో లేదో ఒక్కొక్కటిగా లెక్క చూడండి.