పాల మేకను పోటీకి తీసుకుపోతున్నారా? పొదుగుతో మొదలుపెట్టండి

బక్రీదుకు పోతును మేపినట్టు మేపితే పాల మేక పోటీలో వెనకబడుతుంది. నల్లగొండ మొదలు గద్వాల దాకా మన దగ్గర మేక అంటే ముందు గుర్తొచ్చేది మాంసమే. సంతలో బేరగాడు నడుం పట్టి చూసి కండ ఎంతుందో లెక్క కడతాడు. పాల మేకల వరుసలో జడ్జి చెయ్యి పోయేది పొదుగు కిందికి. మెడ దగ్గర, పక్కటెముకల మీద కొవ్వు పేరుకుని ఉంటే తిన్నది పాలలోకి పోలేదు, ఒంటికి పట్టిందని ఆయన అనుకుంటాడు. మెడ సన్నగా ఉండాలి. పక్కటెముకలు వెడల్పుగా తెరుచుకుని, చెయ్యి వేస్తే లెక్కపెట్టేలా తగలాలి. డొక్క లోతుగా, వెంట్రుక నిగనిగలాడుతూ ఉండాలి. బక్కచిక్కిన మేక కూడా పనికిరాదు. పాలు ఇస్తూనే ఒళ్లు నిలబెట్టుకున్న మేక కావాలి.

అమెరికాలో పాల మేకల సంఘం వాడే పట్టికలో ఈనిన మేకకు 100 మార్కులు. అందులో పొదుగుకు 35, మొత్తం ఆకారానికి, నడకకు కలిపి 35, పాల లక్షణానికి 20, డొక్క సామర్థ్యానికి 10. మన పశు ప్రదర్శనల్లో ఇదే పట్టిక ఉండాలని లేదు. కానీ కొట్టంలో ఉన్న పది మేకల్లో ఏది తీసుకుపోవాలో తేల్చుకోవడానికి ఇంతకంటే మంచి కొలత దొరకదు.

ఏ మేకను ఎంచుకోవాలి

రెండో ఈతదో మూడో ఈతదో అయి, ప్రదర్శన రోజుకు ఈని నాలుగు నుంచి ఎనిమిది వారాలైన మేక మంచిది. పాలు ఎక్కువగా వచ్చే కాలం అదే. జనవరి, ఫిబ్రవరిలో ప్రదర్శన ఉందని తెలిస్తే దాటించేటప్పుడే లెక్క వేసుకోవాలి. మేక చూడి కాలం సుమారు 150 రోజులు. జులై చివర దాటిస్తే డిసెంబరు చివర్లో ఈనుతుంది.

మేకను రెండుసార్లు చూడండి. పాలు పిండకముందు ఒకసారి, పిండాక ఒకసారి పొదుగును రెండు అరచేతుల్లో పట్టండి. మంచి పొదుగు పిండాక ఖాళీ తోలు సంచిలా ముడతలు పడి మెత్తగా వేలాడుతుంది, వేళ్ల మధ్య నలిపితే గడ్డ తగలదు. పిండాక కూడా అంతే సైజులో గట్టిగా ఉంటే అది కండ పొదుగు. చూపుకు పెద్దగా ఉంటుంది, గిన్నెలో పడేది తక్కువ. వెనక నిలబడి చూస్తే రెండు పక్కలూ సమానంగా ఉండాలి, పొదుగు అడుగు వెనక కాలి మోకీలు కంటే పైనే ఆగాలి. కిందికి జారిన పొదుగు కంపకు గీసుకుంటుంది, పిల్ల కుడవడానికీ ఇబ్బంది. చన్నులు రెండే ఉండాలి. పక్కన చిన్న మొలకలా మూడోది ఉన్నా, ఒక చన్నుకు రెండు రంధ్రాలున్నా ఆ మేకను ఇంట్లోనే ఉంచండి. అమెరికా పట్టికలో అది నేరుగా వేటు పడే లోపం. పిల్లలకూ దిగే గుణం కాబట్టి మనకూ లోపమే.

జాతి విషయంలో మొహమాటం వద్దు. జమునాపారి అంటే చిలుక ముక్కులా వంగిన ముఖం, జానెడు దాటి వేలాడే చెవులు, తొడల వెనక పొడుగు వెంట్రుకలు. ఉస్మానాబాది ఎక్కువగా నల్లగా ఉంటుంది, మన ఎండకు, మన మేతకు అలవాటు పడ్డ జాతి. పూటకో పేరు చెప్పి అమ్మిన సంకర మేకను జమునాపారి క్లాసులో, అంటే ఆ జాతి పోటీ విభాగంలో నిలబెడితే జడ్జి పక్కకు పంపుతాడు. దాన్ని సంకర జాతి క్లాసులో, లేదా పాల పోటీలో పెట్టండి. పాల పోటీలో తూకమే మాట్లాడుతుంది.

వయసు పళ్లను బట్టి రాస్తారు. పాలపళ్లు ఉంటే ఏడాదిలోపు. పాలపళ్లు ఊడి వచ్చే పెద్ద పళ్లు రెండు ఏడాది దాటాక, నాలుగు రెండేళ్లకు అటూ ఇటూ, ఆరు మూడేళ్ల దగ్గర, ఎనిమిదీ వస్తే నోరు నిండినట్టు. ఒక జాగ్రత్త: ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్లు తాగే ఊళ్లలో పళ్లు గారపట్టి త్వరగా అరుగుతాయి. నల్లగొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి వైపు మేకను అరుగుదల చూసి ముసలిది అనేస్తే తప్పు. ఎన్ని పెద్ద పళ్లు మొలిచాయో చూడాలి.

నెలన్నర ముందు నుంచి

టీకాలు మొదట. పారుడు రోగం, చిటుకు రోగం, గాలికుంటు టీకాల్లో ఏది బాకీ ఉన్నా ప్రదర్శనకు కనీసం మూడు వారాల ముందే వేయించాలి. టీకా పని మొదలుపెట్టడానికి రెండు మూడు వారాలు పడుతుంది. వెళ్లే ముందు రోజు వేయించిన సూది అక్కడి రోగం నుంచి కాపాడదు. పైగా ఒళ్లు వేడెక్కి పాలు తగ్గుతాయి. చెవికి 12 అంకెల ట్యాగు లేకపోతే అప్పుడే వేయించండి, ఆరోగ్య పత్రంలో ఆ నంబరు రాస్తారు. రక్త పరీక్ష చేయించి బ్రూసెల్లా లేదని తేల్చుకుంటే ఇంకా మంచిది. ఆ జబ్బున్న మేక ఈసుకుపోతుంది, దాని పచ్చి పాలు తాగిన మనిషికీ అంటుకుంటుంది. నట్టల మందు తాగిస్తే ఎన్ని రోజులు పాలు వాడకూడదో డాక్టరును అడిగి రాసుకోండి.

మేత విషయంలో నష్టం చేసేది తొందర. లీటరు పాలకు 400 గ్రాముల దాణా మామూలు లెక్క. పెంచాలంటే మూడు నాలుగు రోజులకు 50 గ్రాముల చొప్పున పెంచండి. ముందు వారం జొన్నలు, మక్కలు, అన్నం గుప్పిస్తే కడుపులో పులుపు పెరిగి, నెమరు ఆగి, పేడ పలచబడి మేక పడిపోతుంది. పల్లి తీగ, కంది పొట్టు, సుబాబుల్, తుమ్మ కాయ ఇంట్లో ఏది తింటుందో అదే మూట కట్టి తీసుకుపోవాలి.

గిట్టలు పది పన్నెండు రోజుల ముందు కోయండి. పెరిగి లోపలికి మడిచిన అంచును అరికాలి మట్టానికి తీయాలి, లేత గులాబీ రంగు కనిపించగానే ఆగాలి. ముందు రోజు కోసి కొంచెం లోతు తగిలితే రింగులో కుంటుతుంది, నడక మార్కులు పోతాయి. పొదుగు మీద వెంట్రుకలు ట్రిమ్మర్‌తో తీసేయండి, నరాలు, ఆకారం కనిపిస్తాయి. స్నానం రెండు రోజుల ముందు, మధ్యాహ్నం ఎండలో. తడి ఒంటితో జనవరి తెల్లవారుజామున బండెక్కించడం ఊపిరితిత్తుల వాపును పిలవడమే. కొమ్ములకు, గిట్టలకు గుడ్డతో పల్లి నూనె పలచగా రుద్దితే చాలు.

నడక నేర్పడానికి మూడు వారాలు, రోజూ పావుగంట. పట్టీ గొంతు మీద కాకుండా దవడ కింద పైకి ఉండాలి, అప్పుడు తల ఎత్తి నడుస్తుంది. లాగితే మేక మొండికేస్తుంది, అడుగు వేసిన వెంటనే రెండు చిక్కుడు గింజలు పెట్టండి. నిలబెట్టేటప్పుడు ముందు కాళ్లు భుజాల కింద నిటారుగా ఉండాలి. వెనక కాళ్లు కొంచెం వెడల్పుగా, పొదుగు వెనక నుంచి పూర్తిగా కనిపించేలా పెట్టాలి. వీపు వంచితే నడుము మీద రెండు వేళ్లతో మెల్లగా నొక్కండి, సమం చేసుకుంటుంది. కొత్త మనుషులు కాళ్లు, పొదుగు తాకడం కూడా అలవాటు చేయాలి. పక్కింటి వాళ్లతో రోజూ ఒకసారి తాకించండి.

బండిలో

పశువుల రవాణా నిబంధనల ప్రకారం 30 కిలోలు దాటిన మేకకు సుమారు 0.28 చదరపు మీటర్ల నేల, అంటే మూడు చదరపు అడుగులు కావాలి. ఈ లెక్కన చిన్న ట్రాలీలో పదీ పట్టొచ్చు, కానీ పొదుగు నిండిన మేకలను ఐదారుకు మించి ఎక్కించకండి. ఒకదాని మీద ఒకటి పడితే మొదట దెబ్బ తినేది చన్నే. నేల మీద ఇసుక, దాని మీద ఎండు గడ్డి మందంగా పరవండి. పోతును వేరే అరలో పెట్టాలి, దాని వాసన పాలకు పడుతుంది. తెల్లవారుజామున బయలుదేరి అరగంట తర్వాత ఒకసారి ఆపి చూడండి.

ఇంటి నీళ్లు రెండు 20 లీటర్ల డబ్బాలు పట్టుకుపోండి. బోరు నీళ్లకు అలవాటు పడ్డ మేక క్లోరిన్ వాసనున్న ట్యాంకర్ నీళ్లను మూతి పెట్టి వదిలేస్తుంది, నీళ్లు తగ్గితే సాయంత్రానికి పాలు తగ్గుతాయి. వారం ముందు నుంచి ఇంట్లో బకెట్‌కు చిన్న ముక్క బెల్లం కలపండి. అక్కడి నీళ్లలోనూ అదే కలిపితే తేడా తెలుసుకోదు.

సామాన్లలో సొంత బకెట్, పాల గిన్నె, వేలాడే తూకం, అయోడిన్ ద్రావణం, థర్మామీటరు, పాత చీర గుడ్డలు, అదనపు పట్టీ ఉండాలి. మూడు కాగితాలు కూడా: ఆరోగ్య పత్రం, టీకాల వివరం, ఈనిన తేదీ.

అక్కడికి చేరాక

వీలైతే ముందు రోజు మధ్యాహ్నానికే చేరండి. బెదిరిన మేక పాలు దింపదు. ఇంట్లో ఎవరు పిండుతారో వాళ్లే రావాలి, ఇంటి వేళకే పిండాలి. మొదటి ధార నల్ల గుడ్డ మీద పిండి గడ్డలు, నూలు పోగులు ఉన్నాయో చూడండి. పాలు దిగడానికి డాక్టరు చీటీ లేకుండా ఆక్సిటోసిన్ సూది వేయడం చట్టానికి విరుద్ధం, మేకకూ చేటు.

పొదుగు పెద్దగా కనిపించాలని పొద్దటి పాలు ఆపేయడం ప్రదర్శనల్లో జరిగే అతి పెద్ద తప్పు. పన్నెండు గంటలు దాటి నిండితే లోపలి ఒత్తిడికి పాలు ఊరడం తగ్గిపోతుంది, పొదుగును పట్టి ఉంచే బంధాలు సాగుతాయి. చన్ను కొన తెరుచుకుని చుక్కలు కారుతాయి, అక్కడి నుంచే సూక్ష్మక్రిములు లోపలికి పోతాయి. క్లాసు పొద్దున 11కి ఉంటే ముందు రాత్రి 11కి పూర్తిగా పిండండి, అది చాలు. ఆ వేళకు మార్చడం వారం ముందు నుంచే రోజుకు అరగంట చొప్పున చేయాలి.

పాల పోటీ వేరు. సాధారణంగా అధికారుల ముందు మొదటి పిండుడులో ఖాళీ చేయిస్తారు, అది లెక్కలోకి రాదు. తర్వాతి 24 గంటల పాలు తూస్తారు. ఆ మొదటి పిండుడులో ఒక్క ధార మిగిలినా తర్వాత లెక్కలోకి వస్తుందని ఆశపడకండి, వాళ్లు చన్ను పిండి చూస్తారు. తూకం కిలోల్లో ఉంటే లీటరుకు దాదాపు 1.03 కిలో. కొలత జగ్గులో నురుగును కూడా లెక్కపెట్టి గొడవ పడేవాళ్లు ఎక్కువ, తూకం మీదనే నిలబడండి.

రింగులో తెల్ల బట్టలు, శుభ్రమైన చేతులు. జడ్జికి, మీకు మధ్య ఎప్పుడూ మేకే ఉండాలి, ఆయన ఇటు వస్తే మీరు అటు మారాలి. ఆయన అడిగిన దానికే జవాబు చెప్పాలి: ఎన్నో ఈత, ఎప్పుడు ఈనింది. చూసేవాళ్లు ప్రేమతో అన్నం, అరటిపండ్లు పెడతారు, పెట్టనివ్వకండి. మీ మేక మూతి పక్క మేకకు తాకకుండా తడక కట్టండి.

మేక లేకుండా చూడటానికి పోయేవాళ్లకు

మధ్యాహ్నం బహుమతుల వేళ కాదు, తెల్లవారి పాలు పిండే వేళ చేరుకోండి. అమ్మేవాడు మూడు లీటర్లు అంటే "ఈని ఎన్ని రోజులైంది, పూటకెంత" అని అడిగి మీ ముందే పిండించమనండి. జమునాపారి, బీటల్ మేకలు మామూలు మేపులో రోజుకు లీటరు, రెండు లీటర్ల మధ్యే ఇస్తాయి. పోతును కొంటున్నప్పుడు దాని తల్లి పొదుగు చూపించమనండి, పోతు నుంచి మీ కొట్టంలోకి వచ్చేది ఆ పొదుగే. ఒక దొడ్డిలో మేకను తాకి ఇంకో దొడ్డిలో చెయ్యి పెట్టకండి.

ఇంటికి వచ్చాక

ప్రదర్శనకు పోయొచ్చిన మేకను మందలో కలపడానికి 21 రోజులు ఆగండి. వేరే కొట్టంలో, వేరే బకెట్లతో పెట్టి అన్నింటికంటే చివర్లో మేపండి, చివర్లో పిండండి. బండి నేల కడిగి ఎండలో ఆరనివ్వండి, పరిచిన గడ్డిని తగలబెట్టండి. రోజూ పొద్దున ఒళ్లు వేడి చూసి రాయండి. మామూలుగా 101.5 నుంచి 103.5 ఫారన్‌హీట్ ఉంటుంది. 104 దాటినా, ముక్కు కారినా, మూతి పుండ్లు పడినా, పేడ నీళ్లలా పోయినా పశువైద్య సేవల నంబరు 1962కి ఫోన్ చేసి, ఆ మేక ప్రదర్శనకు పోయొచ్చిందని మొదటే చెప్పండి.