జ్వరం తగ్గాక ఒళ్ళు పెరుగుతోందా? ముందు ఇవి చూడండి

వైరల్ జ్వరం వచ్చి తగ్గాక బరువు పెరుగుతుంటే, ముందు ఆ జ్వరానికి వాడిన మందుల చీటీలు, స్ట్రిప్పులు అన్నీ బయటికి తీయండి. నేను స్టాఫ్ నర్సుని. ఓపీలో ఈ బాధతో వచ్చే ఆడవాళ్ళకు బరువు చూడకముందే నేను చెప్పే మాట ఇది.

చికున్‌గున్యా తర్వాత కొందరికి కీళ్ళనొప్పులు నెలల తరబడి ఉంటాయి. ఒకావిడ కవరులో తెచ్చిన మాత్రలు టేబుల్ మీద పరిచి చూస్తే అందులో ప్రెడ్నిసోలోన్ ఉంది. "నొప్పుల బిళ్ళే కదమ్మా, షాపులో అడిగి తెచ్చుకుంటున్నా" అంది. అది స్టెరాయిడ్. ఆకలి పెంచుతుంది, ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది, పొట్ట పెరుగుతుంది, చేతులూ కాళ్ళూ మాత్రం సన్నబడతాయి. డెక్సామెథసోన్ కూడా అంతే. వారాల తరబడి వాడినవాళ్ళు భయపడి ఒక్కసారిగా మానేయకూడదు, ప్రమాదం. డాక్టరు గారే మెల్లగా డోసు తగ్గిస్తారు.

తర్వాత థైరాయిడ్. కొందరిలో వైరల్ జ్వరం తగ్గిన కొన్ని వారాలకు మెడ ముందు భాగంలో నొప్పి వస్తుంది. మొదట గుండెదడ, బరువు తగ్గడం. ఆ తర్వాత నీరసం, మలబద్ధకం, బరువు పెరగడం. అందుకే మొదట్లో ఒకసారి టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) చేయించి ఊరుకుంటే చాలదు, మళ్ళీ ఎప్పుడు చేయించాలో అడగండి. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే ల్యాబులో తప్పకుండా చెప్పండి, రిజల్టు తప్పుగా రావచ్చు. నెలసరి తప్పితే ప్రెగ్నెన్సీ టెస్టు, పీసీఓడీ (హార్మోన్ల తేడాతో నెలసరి గాడితప్పే సమస్య) సంగతి కూడా చూడాలి.

ఇక అసలు ప్రశ్న: వైరసే లావు చేస్తుందా? ఈ ప్రశ్నకు మన దేశంతో పెద్ద సంబంధమే ఉంది. 1980ల్లో బొంబాయిలో ఒక వైరస్ సోకి కోళ్ళు చచ్చిపోతుంటే, వాటి పొట్టలో కొవ్వు పేరుకుని ఉందని పశువైద్య నిపుణుడు అజింక్య గమనించారు. ఆ మాట విన్న, ఊబకాయానికి వైద్యం చేసే డాక్టర్ నిఖిల్ ధురంధర్ కోళ్ళకు ఆ వైరస్ ఎక్కించి చూశారు. కొవ్వు పెరిగింది, రక్తంలో కొలెస్ట్రాల్ మాత్రం తగ్గింది. తర్వాత 52 మంది లావుగా ఉన్న మనుషుల్ని పరీక్షిస్తే 10 మందిలో ఆ వైరస్‌కు యాంటీబాడీలు (వైరస్ సోకినప్పుడు దాన్ని ఎదుర్కోవడానికి ఒళ్ళు తయారుచేసుకునేవి) కనిపించాయి. ఆయన అమెరికా వెళ్ళి, మనుషులకు సోకే అడినోవైరస్-36 మీద పనిచేశారు. 2005లో వచ్చిన అధ్యయనంలో ఊబకాయం ఉన్నవాళ్ళలో 30 శాతానికి, లేనివాళ్ళలో 11 శాతానికి దాని యాంటీబాడీలున్నాయి. స్వీడన్‌లో చూస్తే, పెద్దవాళ్ళలో ఈ సంబంధం బాగా ఎక్కువ బరువున్న ఆడవాళ్ళలో కనిపించింది. అమెరికా సైనికుల్ని పరీక్షించినప్పుడు మాత్రం లావుకీ దానికీ సంబంధమే కనబడలేదు.

నాకైతే ఈ పరిశోధన చాలా విలువైనది. "తిండి ఎక్కువై లావైంది" అని ఇంట్లో, ఆస్పత్రిలో మాటలు పడే ఆడవాళ్ళకు, ఒంట్లో వేరే కారణాలూ ఉండొచ్చని ఇది గుర్తుచేస్తోంది. అయితే యాంటీబాడీ ఉందంటే ఆ వైరస్ ఎప్పుడో సోకిందని మాత్రమే అర్థం, బరువుకు అదే కారణమని కాదు. బరువు తగ్గించడానికి దానికి మందూ లేదు, టీకా లేదు. ఎవరైనా వైరస్ టెస్టు, యాంటీవైరల్ కోర్సు అంటూ డబ్బడిగితే ఇవ్వకండి.

డాక్టరు దగ్గరికి వెళ్ళేముందు నడుము కొలుచుకోండి. దర్జీ టేపుని కింది పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్య చుట్టి, ఊపిరి వదిలాక చూడాలి. మన ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి. జ్వరం వచ్చిన తేదీ, అంతకుముందు బరువు, ఇప్పటి బరువు, వాడిన ప్రతి మాత్ర పేరూ ఒక కాగితం మీద రాసి, డాక్టరు గారు మాట్లాడటం మొదలుపెట్టకముందే ఆయన చేతికివ్వండి.